చుట్లు తీసేస్తే మిగిలేది

(జాతీయ గణిత దినోత్సవం నాడు ఇంటర్ విద్యార్థులు, గణిత అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. డిసెంబర్ 22 కాబట్టి రామానుజన్ గురించి మాట్లాడతానని అనుకుని వచ్చి ఉంటారు. ఆయన గురించి ఈ రోజు దేశమంతటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. నేను మాత్రం మీ క్లాసులో పది నిమిషాల్లో దాటేసే విషయం ఒకటి తీసుకున్నాను. కోటెర్మినల్ కోణాలు, అంటే వేర్వేరుగా తిరిగినా ఒకే చోట ఆగే కోణాలు. అదీ రేడియన్లలో. π రేడియన్లంటే 180 డిగ్రీలు. ముగించేటప్పటికి పంచాంగం దాకా, కంప్యూటర్ దాకా వెళ్లొస్తాం, కంగారు పడకండి.

బోర్డు మీద 25π/6 రాస్తున్నాను. 0కీ 2πకీ మధ్య దీనికి కోటెర్మినల్ కోణం ఎంత? చెప్పమ్మా, రెండో వరుసలో. π/6. కరెక్ట్. ఎలా చేశావు? 750 డిగ్రీలు, అందులో 360 తీస్తే 390, మళ్లీ 360 తీస్తే 30, 30 డిగ్రీలంటే π/6. ఎంతమంది ఇలాగే చేశారు? చేతులెత్తండి. సగం పైనే ఉన్నారు. కొందరు మాస్టార్లు కూడా ఎత్తారు, సంతోషం. (నవ్వులు)

జవాబు ఒప్పే. దారి మాత్రం చుట్టుదారి. రేడియన్లలో ఇచ్చిన కోణాన్ని డిగ్రీల్లోకి మార్చి, అక్కడ పని చేసుకుని, మళ్లీ రేడియన్లలోకి తెచ్చారు. 6 హారంగా ఉంది కాబట్టి సరిపోయింది. ఇదే 25π/7 అయితే? 642.857 డిగ్రీలు, ఆ తర్వాత దశాంశాలు ఆగవు. 360 తీస్తే 282.857. దాన్ని మళ్లీ π భిన్నంగా మార్చాలంటే ఎవరికైనా తలనొప్పే. నిజానికి అది 11π/7. నోటితో చెప్పేయొచ్చు. ఎలాగన్నదే ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది. డిగ్రీలకు మార్చడం తప్పని అనను. కానీ అలా అలవాటు చేసుకున్న పిల్లలకు రేడియన్ ఎప్పటికీ సొంతం కాదు. పరాయి కరెన్సీలా, చేతికి రాగానే మార్చేసుకోవాలనిపిస్తుంది.

ముందు కోణం అంటే ఏమిటో ఒకసారి. పదో తరగతి దాకా కోణం త్రిభుజంలో ఉంటుంది. రెండు భుజాల మధ్య ఖాళీ ఎంత అన్నదే ప్రశ్న. 180 డిగ్రీలు దాటే అవకాశమే లేదు. ఇంటర్‌లోకి రాగానే అది మారిపోతుంది. కోణం అంటే ఎంత తిరిగాం అన్నది. ఒక కిరణం ధన ఎక్స్ అక్షం మీద మొదలై, మూలబిందువు చుట్టూ తిరిగి, ఎక్కడో ఆగుతుంది. మొదలైనది తొలి కిరణం, ఆగినది తుది కిరణం. గడియారం ముళ్లకు వ్యతిరేకంగా తిరిగితే ధన కోణం, ముళ్లలాగా తిరిగితే రుణ కోణం. ఎన్ని చుట్లయినా తిరగొచ్చు. వేర్వేరుగా తిరిగిన రెండు కోణాలు ఒకే తుది కిరణం దగ్గర ఆగితే అవి కోటెర్మినల్.

హైదరాబాద్ పక్కన చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. మొదటిసారి వెళ్తే 11 ప్రదక్షిణలు. కోరిక తీరాక మళ్లీ వెళ్లి 108. చేతిలో అంకెల కార్డు పట్టుకుని, ఒక్కో చుట్టుకు ఒక్కో గడి కొట్టేస్తూ నడుస్తారు. 11 చేసినవాళ్లూ, 108 చేసినవాళ్లూ చివరికి మొదలైన చోటే నిలబడతారు. ఫొటో తీస్తే ఎవరు ఎన్ని చేశారో తెలియదు, కార్డు చూడాల్సిందే. లేదా కాళ్లను అడగాలి. (నవ్వులు) ఇంకో సంగతి. ప్రదక్షిణ ఎటువైపు చేస్తాం? దేవుడు కుడిచేతి వైపు ఉండేలా. అంటే పైనుంచి చూస్తే గడియారం ముళ్ల దిశలో. మన గణితం లెక్కలో అది రుణ దిశ. కాబట్టి 11 ప్రదక్షిణలంటే −22π, 108 అంటే −216π. రెండూ 0తో కోటెర్మినల్. పుణ్యం లెక్కలో ధనమే అనుకోండి, అది వేరే సబ్జెక్టు.

ఆ కార్డు మీది సంఖ్యనే మన సూత్రంలో ఎన్ అంటాం. కోణం + 2π × ఎన్. ఎన్ పూర్ణాంకం అయి తీరాలి. ధనం కావచ్చు, రుణం కావచ్చు, సున్నా కావచ్చు, సగం మాత్రం కాకూడదు. ఈ సగం దగ్గరే చాలా మార్కులు పోతాయి, అక్కడికి వస్తాను.

ఒక చుట్టుకు 2π ఎందుకు? వ్యాసార్థం ఎంత పొడవుందో అంతే పొడవున్న దారాన్ని వృత్తం అంచు మీద పరిస్తే కేంద్రం దగ్గర ఏర్పడే కోణం ఒక రేడియన్. పరిధి 2π వ్యాసార్థాలు కాబట్టి పూర్తి చుట్టు 2π రేడియన్లు. అంతే. 360 అన్నది ఎవరో పెట్టుకున్న సంఖ్య. 2π ఎవరూ పెట్టింది కాదు, వృత్తంలోనే ఉంది.

రేడియన్ అన్న పేరు కొత్తదే. 1873లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీలో జేమ్స్ థామ్సన్ అనే ప్రొఫెసర్ ఒక పరీక్ష పేపర్లో ఆ మాట వాడారు. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ ఉన్నారే, ఆయనకు అన్నగారు. అంటే ఆ మాట ముందు ప్రశ్నపత్రంలో అచ్చయింది, అందుకేనేమో మీకు దాన్ని చూస్తే టెన్షన్. (నవ్వులు) ఆలోచన మాత్రం అంతకంటే పాతది. ఇంగ్లండ్‌లో రోజర్ కోట్స్ అనే గణితవేత్త 1716లోనే చనిపోయారు. 1722లో అచ్చయిన ఆయన రాతల్లో ఈ కొలత ఉంది.

అంతకు పన్నెండు వందల ఏళ్ల ముందు మన దగ్గర ఆర్యభటుడు చేసిన పని చూడండి. 499వ సంవత్సరం నాటి మాట. ఆయన జ్యా పట్టికకు, అంటే ఇప్పటి సైన్ పట్టికలాంటిదానికి, వ్యాసార్థం 3438. ఈ అంకె ఎక్కడిది? చుట్టుకు 360 డిగ్రీలు, డిగ్రీకి 60 కళలు, మొత్తం 21600 కళలు. దాన్ని 2πతో భాగించండి. 3437.75 వస్తుంది, దగ్గరి పూర్ణసంఖ్య 3438. అంటే పరిధిని ఏ కొలతతో కొలిచారో, వ్యాసార్థాన్నీ అదే కొలతతో కొలిచారు. చాపం, గీత, రెండూ కళల్లోనే. మీ రేడియన్‌ను కళల్లో చెప్పమంటే 3438 కళలే చెప్పాలి. 30 డిగ్రీల జ్యా ఆ పట్టికలో 1719. సరిగ్గా సగం. మీ సైన్ 30 ఎంత? అదే. రేడియన్ అన్న పేరు ఆయన పెట్టలేదు, కానీ దాని అవసరం ఆయనకు తెలుసు.

సరే, లెక్కలోకి. కోణం π భిన్నంగా ఇస్తే నేను చేసే పని ఇది. హారాన్ని రెట్టింపు చేయండి. లవాన్ని దాంతో భాగించండి. శేషాన్ని పాత హారం మీద రాయండి. 25π/6 తీసుకుంటే, 6 రెట్టింపు 12. 25ను 12తో భాగిస్తే భాగఫలం 2, శేషం 1. జవాబు π/6. తీసేసిన చుట్లు రెండు. 25π/7కి 14తో భాగించండి, శేషం 11. జవాబు 11π/7. ఐదో తరగతి భాగహారం అంతే.

ఎందుకు రెట్టింపు? 2πను అదే హారంతో రాస్తే 12π/6 అవుతుంది, 14π/7 అవుతుంది. ముక్క π/6 అయితే చుట్టుకు 12 ముక్కలు. 25 ముక్కలు ఉన్నాయి, 12 చొప్పున పక్కన పెడితే ఒకటి మిగిలింది. ఇందులో సూత్రం ఏమీ లేదు. ఇంకా పెద్దది ఇస్తాను, 2026π/3. ముక్క π/3, చుట్టుకు 6 ముక్కలు. 2026లో 6 చొప్పున 337 సార్లు పోతే 2022, మిగిలింది 4. జవాబు 4π/3. కాలిక్యులేటర్ అక్కర్లేదు. ఇదే డిగ్రీలకు మారిస్తే 1,21,560 వస్తుంది. అందులోంచి 360 తీస్తూ కూర్చుంటే పేపర్ అయిపోతుంది.

ఇప్పుడు ఆ సగం గొడవ. 17π/4 ఇచ్చారనుకోండి. ఒకబ్బాయి హారాన్ని రెట్టింపు చేయకుండా 17ను 4తోనే భాగించాడు. 4 సార్లు పోయింది, శేషం 1, జవాబు π/4. జవాబు సరిపోయింది! మాస్టారు కూడా టిక్ పెట్టేశారు. ధైర్యం వచ్చి 21π/4కి కూడా అలాగే చేశాడు. 5 సార్లు, శేషం 1, మళ్లీ π/4. ఈసారి తప్పు. 8తో భాగిస్తే శేషం 5, అసలు జవాబు 5π/4. ఏం జరిగింది? 4తో భాగించినప్పుడు అతను తీసింది చుట్లు కాదు, అరచుట్లు. నాలుగు అరచుట్లు తీస్తే రెండు చుట్లు కాబట్టి బతికిపోయాడు. ఐదు అరచుట్లు తీస్తే రెండున్నర చుట్లు, తుది కిరణం ఎదుటి వైపుకు పోయింది. π/4 మొదటి పాదంలో ఉంది, 5π/4 మూడో పాదంలో. సైన్ గుర్తు తిరగబడుతుంది, కాస్ గుర్తు తిరగబడుతుంది. టాన్ మాత్రం మారదు, అది రెండు చోట్లా 1 అనే చెబుతుంది. టాన్‌కు ఆవర్తనం π, అంటే ప్రతి π తర్వాత అదే విలువ తిరిగొస్తుంది కాబట్టి. అందుకే టాన్ లెక్కలు ఎక్కువ చేసినవాళ్లకు ఈ తప్పు అలవాటవుతుంది, దొరకను కూడా దొరకదు.

రెండు కోణాలు ఇచ్చి కోటెర్మినల్ అవునా కాదా అని అడిగితే తేడా చూడండి. 13π/6, −11π/6. తేడా 24π/6, అంటే 4π. రెండు చుట్లు, కాబట్టి అవును. 7π/5, −8π/5. తేడా 15π/5, అంటే 3π. చుట్టున్నర. కాదు. తేడా πకి సరి గుణిజమా కాదా అన్నదొక్కటే చూడాల్సింది.

రుణ కోణాల దగ్గరికొద్దాం. −11π/4. 8తో భాగించాలి. −11లో 8 ఎన్నిసార్లు? చాలామంది −1 అంటారు, శేషం −3. జవాబు −3π/4. ఇది తప్పు కాదు. −3π/4 కచ్చితంగా కోటెర్మినలే. కానీ 0కీ 2πకీ మధ్య అడిగితే సరిపోదు. ఇంకో చుట్టు కలపాలి, −3కు 8 కలిపితే 5. జవాబు 5π/4. ఒకేసారి రావాలంటే భాగఫలాన్ని −2 తీసుకోండి. −16కు 5 కలిపితే −11. శేషం రుణం కాకుండా చూసుకుంటే మన కోణం దానంతట అదే 0కీ 2πకీ మధ్య పడుతుంది. −23π/3కి? 6తో. −24కు 1 కలిపితే −23. జవాబు π/3. కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? సి భాషలో −11కు 8తో శేషం అడగండి, −3 ఇస్తుంది. పైథాన్‌లో అడగండి, 5 ఇస్తుంది. రెండూ కోటెర్మినలే, కానీ ఒక భాష నుంచి ఇంకో భాషకు ప్రోగ్రామ్ మార్చి బొమ్మ ఎందుకు తప్పుగా వస్తోందని తల పట్టుకునేవాళ్లు ఉంటారు.

ఒకటే కాదు, ఒక పరిధిలో ఉన్నవన్నీ రాయమంటే కూడా ఇదే. 5π/6కి −4π నుంచి 4π దాకా కోటెర్మినల్ కోణాలు రాయండి. ముక్క π/6, పరిధి −24 నుంచి 24 ముక్కలు. 5 దగ్గర మొదలుపెట్టి 12 చొప్పున అటూ ఇటూ వెళ్లండి. −19, −7, 5, 17. తర్వాతది 29, పరిధి దాటింది. అంటే −19π/6, −7π/6, 5π/6, 17π/6. నాలుగే. అసమీకరణం రాసి సాధించొచ్చు, కానీ లెక్కపెడితే చాలు.

మీ ఇంట్లో కరెంటుకూ ఇదే లెక్క. 50 హెర్ట్జ్ అంటే సెకనుకు 50 చుట్లు, 100π రేడియన్లు. మీ ఫిజిక్స్ మాస్టారు 314 అని రాసేది ఇదే. సున్నా దగ్గర మొదలైందనుకుంటే 0.035 సెకను దగ్గర దశ, అంటే అప్పటిదాకా తిరిగిన కోణం, 3.5π. చుట్టు తీసేస్తే 1.5π, సైన్ −1. అంటే వోల్టేజి అడుగున, దాదాపు −325 దగ్గర ఉంది. 0.015 సెకను దగ్గర కూడా అంతే ఉంది. సరఫరాకు తేడా తెలియదు, మీటరుకు తెలుసు. చిలుకూరు కార్డులాగా, మీటరు చుట్లు మరిచిపోదు.

పంచాంగం అన్నాను కదా, వినండి. పాత సిద్ధాంతాల, అంటే ఖగోళ గ్రంథాల పద్ధతిలో గ్రహం ఎక్కడుందో కనుక్కోవాలంటే ముందు అహర్గణం కడతారు. అంటే ఒక మొదలు నుంచి ఇవాళ్టి దాకా గడిచిన రోజుల సంఖ్య. ఆర్యభటుడి లెక్కలో మహాయుగానికి 43,20,000 సంవత్సరాలు, 1,57,79,17,500 రోజులు. ఆ కాలంలో చంద్రుడు 5,77,53,336 చుట్లు తిరుగుతాడు. ఈ చుట్లనే భగణాలంటారు. రోజుల్ని భగణాలతో గుణించి యుగం రోజులతో భాగిస్తారు. భాగఫలంలో వచ్చిన పూర్తి భగణాల్ని పక్కన పెట్టేస్తారు. మిగిలిన శేషాన్ని రాశులు, భాగలు అంటే డిగ్రీలు, కళలుగా మారుస్తారు. అదే చంద్రుడి మధ్యమ స్థానం, అంటే సగటు వేగంతో లెక్కిస్తే వచ్చే స్థానం. మీరు ఇందాక 25π/6కి చేసింది అక్షరాలా ఇదే పని.

చిన్న లెక్క చేద్దాం. ఆ అంకెల ప్రకారం చంద్రుడికి చుట్టుకు 27.32167 రోజులు. 1000 రోజులు గడిచాయి. భాగిస్తే 36.601. 36 భగణాలు వదిలేయండి. 0.601 చుట్టు మిగిలింది. రేడియన్లలో 1.202π, డిగ్రీల్లో 216 పైచిలుకు. రాశికి 30 డిగ్రీలు కాబట్టి ఏడు రాశులు దాటి ఎనిమిదో రాశిలో 6 డిగ్రీల దగ్గర, మొదలైన చోటు నుంచి లెక్కిస్తే. దాని మీద సవరణలు చాలా ఉంటాయి, మనం మధ్యమం దగ్గరే ఆగుదాం. తిథి కూడా శేషమే. చంద్రుడు సూర్యుణ్ని దాటి ఎంత దూరం వెళ్లాడన్న కోణంలో పూర్తి చుట్లు తీసేసి, 12 డిగ్రీల ముక్కలుగా కోస్తే తిథులు. రేడియన్లలో ముక్క π/15, చుట్టుకు 30 ముక్కలు. ముప్పయ్యో ముక్క అమావాస్య.

భాగఫలం పనికిరాదని మాత్రం అనుకోకండి. అధిక మాసాల లెక్కలో భాగఫలమే కావాలి, ఎన్ని అధిక మాసాలు పూర్తయ్యాయన్నదే ప్రశ్న. ఒకే భాగహారంలో ఒకచోట శేషం ఉంచుకుంటారు, ఇంకోచోట భాగఫలం. ఏది ఉంచాలో తెలిసినవాడే సిద్ధాంతి.

ఇప్పటిదాకా కోణంలో π కనబడుతూ ఉంది. అది లేకపోతే? బోర్డు మీద 5 అని రాస్తున్నాను. డిగ్రీ గుర్తు లేదు, π లేదు. ఐదు రేడియన్లు. కోటెర్మినల్ కోణం చెప్పండి. ఎవరో 365 అన్నారు. ఎవరో 7 అన్నారు. రెండూ కాదు. 5 + 2π, అంటే దాదాపు 11.283. లేదా 5 − 2π, దాదాపు −1.283. తుది కిరణం నాలుగో పాదంలో, 3π/2 అంటే 4.712, దాన్ని దాటింది కాబట్టి. నోట్సుల్లో "π = 180" అని రాసుకుంటారు చూడండి, ఆ అలవాటు ఇక్కడ దెబ్బకొడుతుంది. π అంటే 3.14159. π రేడియన్లు అంటే 180 డిగ్రీలు. మధ్యలో ఆ రెండు మాటలు మింగేస్తే ఐదు రేడియన్లు ఐదు డిగ్రీలైపోతాయి.

ఇక్కడే అసలు సమస్య. π భిన్నంగా ఉన్నప్పుడు భాజకం పూర్ణసంఖ్య, శేషం కచ్చితం. మామూలు సంఖ్య ఇచ్చినప్పుడు భాజకం 2π, దాని అంకెలకు అంతు లేదు. ఎక్కడో ఒకచోట తెంపాలి. తెంపిన తప్పు ప్రతి చుట్టుకూ ఒకసారి పోగవుతుంది. 1000 రేడియన్లు తీసుకోండి. చుట్లు 159. π సరిగ్గా వాడితే శేషం 0.9735. π బదులు 3.14 వేసి చూడండి, చుట్టు 6.28, 159 చుట్లకు 998.52, శేషం 1.48. చుట్టుకు తప్పు 0.0032 మాత్రమే, కానీ 159 సార్లు కలిస్తే అర రేడియన్ తేడా. సైన్ 0.827 రావాల్సింది 0.996 వస్తుంది. 22/7 వేస్తే? శేషం 0.571. అదీ పనికిరాదు. ఆర్యభటుడి 3.1416 వేస్తే? శేషం 0.9712. మూడో దశాంశంలో మాత్రమే తేడా. వ్యాసం 20000 ఉంటే పరిధి 62832 అని చెప్పి, ఇది దగ్గరి విలువ మాత్రమేనని కూడా చెప్పినవాడు ఆయన. లక్షల చుట్లలోంచి శేషం తీసేవాళ్లకు 3.14 ఎందుకు చాలదో ఇప్పుడు చూశారుగా.

సరదాగా సైన్ 22 చూడండి. రేడియన్లే. π అంటే 22/7 అని నమ్మినవాడికి 22 అంటే 7π. మూడు చుట్లు తీసేస్తే π, సైన్ సున్నా. కాలిక్యులేటర్‌ను రేడియన్ మోడ్‌లో పెట్టి నొక్కండి. −0.00885 వస్తుంది. ఆ చిన్న తేడా 22/7 చేసిన తప్పే. ఇప్పుడు సైన్ 355 నొక్కండి. −0.00003. πని 355/113 అనుకుంటే 355 అంటే 113π, సైన్ సున్నా రావాలి. ఆ భిన్నం πకి ఎంత దగ్గరో మీ కాలిక్యులేటరే చెప్పేసింది.

కంప్యూటర్‌కూ ఈ బాధ తప్పదు. సైన్ అడిగితే అది ముందు చేసే పని చుట్లు తీసేయడమే. ఒకటి పక్కన 22 సున్నాలు పెట్టి సైన్ అడగండి. జవాబు దాదాపు −0.8522. అది రావాలంటే π విలువలో దశాంశ బిందువు తర్వాత 22 అంకెలు వాడినా చాలదు, జవాబులో మొదటి దశాంశమే అనుమానం. పాత యంత్రాలు ఇలాంటి చోట తోచింది చెప్పేవి. 1983లో మేరీ పేన్, రాబర్ట్ హానెక్ అనే ఇద్దరు దీనికి దారి చూపించారు. పెద్ద కోణంలోంచి 2π గుణిజాన్ని తీసే బదులు, 1/π అంకెల్ని పొడుగ్గా దాచిపెట్టుకుని, ఇచ్చిన కోణానికి అవసరమైన అంకెల్నే తీసి గుణిస్తారు. పూర్తి చుట్లను ఇచ్చే అంకెల్ని అసలు ముట్టుకోరు, ఎలాగూ పారేసేవే కదా. ఇప్పటికీ కంప్యూటర్లలోని చాలా గణిత ప్రోగ్రామ్ లైబ్రరీల్లో ఆ పద్ధతే నడుస్తోంది.

ప్రశ్నలుంటే అడగండి.

(పరీక్షలో ఏ కోణం రాయాలని ఒక విద్యార్థిని అడిగారు.)

మంచి ప్రశ్న. ప్రశ్నలో పరిధి ఇస్తారు, అది చూడు. 0 నుంచి 2π అంటే శేషం ధనం. −π నుంచి π అంటే, శేషం π దాటినప్పుడు ఇంకో 2π తీసేయి. 5π/4 అక్కడ −3π/4 అవుతుంది. పరిధి ఏమీ ఇవ్వకుండా అన్నీ రాయమంటే ఎన్‌తో రాయాలి. త్రికోణమితీయ సమీకరణాల పాఠంలో సాధారణ సాధన అని రాస్తారే, కాస్‌కు 2ఎన్π, టాన్‌కు ఎన్π అని, ఆ తేడా ఇందాకటి చుట్టు, అరచుట్టు తేడాయే. అది విడిగా బట్టీ పట్టక్కర్లేదు.

(తుది కిరణం తెలిస్తే ఎన్ని చుట్లు తిరిగిందో వెనక్కి కనుక్కోవచ్చా అని వెనక వరుస నుంచి ఒక విద్యార్థి అడిగారు.)

ఒక్క కిరణంతో కుదరదు బాబూ. కానీ రెండు కిరణాలుంటే కొంత చెప్పొచ్చు. ఇది చాలా పాత ప్రశ్న. దీనికే ఆర్యభటుడు కుట్టకం అనే పద్ధతి చెప్పాడు, ఏడో శతాబ్దంలో మొదటి భాస్కరుడు దాన్ని గ్రహాల శేషాల నుంచి అహర్గణం కనుక్కోవడానికి విస్తారంగా వాడాడు. బోర్డు మీద చేద్దాం. ఒక గ్రహానికి చుట్టుకు 5 రోజులు, ఇంకోదానికి 7 రోజులు. రెండూ సున్నా దగ్గర ఒకేసారి బయలుదేరాయి. ఇవాళ చూస్తే మొదటిది 6π/5 దగ్గర, రెండోది 4π/7 దగ్గర ఉన్నాయి. ఎన్ని రోజులైంది?

మొదటిది రోజుకు 2π/5 నడుస్తుంది, కాబట్టి చివరి చుట్టులో 3 రోజులు నడిచింది. అంటే రోజుల్ని 5తో భాగిస్తే శేషం 3. రెండోది రోజుకు 2π/7, చివరి చుట్టులో 2 రోజులు. 7తో భాగిస్తే శేషం 2. రెండూ కుదిరే సంఖ్య? 2, 9, 16, 23... 23కి 5తో శేషం 3. దొరికింది. 23 రోజులు. మొదటిది 4 చుట్లు పూర్తి చేసింది, రెండోది 3. చుట్లు వెనక్కి వచ్చాయి చూశావా. అయితే 35 రోజులు కలిపినా ఇదే బొమ్మ వస్తుంది, 58వ రోజు, 93వ రోజు. 23, 58, 93లో ఏదో తేల్చాలంటే ఇంకో గ్రహం కావాలి. చుట్టుకు 9 రోజులు పట్టే మూడోదాన్ని పెడుతున్నాను, అది ఇవాళ 8π/9 దగ్గర ఉంది. 23 కాదు, సరిచూసుకోండి. ఎన్నో రోజో చెప్పినవాళ్లు భోజనానికి ముందు వెళ్లొచ్చు.